ఊ కొట్టని కంప్యూటర్

మా బడిలో ఆరు కంప్యూటర్లున్నాయి. అవి వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, బొట్లు పెట్టి, గుడ్డలు కప్పి గదికి తాళం వేశాం. పిల్లలు చేతులు పెడితే పాడవుతాయని భయం. ఆ తాళంచెవి రెండేళ్లుగా నా జేబులోనే తిరుగుతోంది. పాల్వంచలో ముప్పై ఏళ్లుగా చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నవాణ్ని, పాఠం చెప్పడానికి నోరుండగా పెట్టె ఎందుకనేది నా వాదన. మొన్న ఒక శిక్షణ తరగతిలో ఈ వాదనే వినిపిస్తుంటే పక్కనున్న టీచరు నవ్వి, "టేకులపల్లి అవతల అడవిల రూతమ్మ అని ఉంది, ఒక్కసారి పోయి చూడుండ్రి సార్" అంది. ఒక్క పాత కంప్యూటరుతో ఒకటో తరగతికి పాఠం చెబుతోందట. నేను నమ్మలేదు. నమ్మనివాడు వెళ్లి చూడాలి కాబట్టి, మార్చిలో ఒక శనివారం సెలవు పెట్టి బయల్దేరాను.

పాల్వంచలో ఆరింటికి కొత్తగూడెం బస్సెక్కాను. మా ఊరి థర్మల్ కరెంటు కేంద్రంలో రాత్రి డ్యూటీ దిగినవాళ్లు కిటికీలకు తలలానించి నిద్రపోతున్నారు. కొత్తగూడెంలో ఇల్లందు వైపు వెళ్లే బస్సు మారితే ఎనిమిది లోపే టేకులపల్లిలో దింపింది. రెండు టికెట్లూ కలిపి పాతిక రూపాయలు దాటలేదు. ఆపైన ఆటోయే దిక్కు. మనిషికి పది రూపాయలు, నిండితేగాని కదలదు. నిండడమంటే మన లెక్క వేరు, ఆ డ్రైవరు లెక్క వేరు. తొమ్మిదోవాణ్నైన నాకు అతని పక్కన అర సీటు దొరికింది.

"రూతమ్మ టీచర్ బడికా సార్? ఆ కంప్యూటరును నా ఆటోలనే తెచ్చింది" అన్నాడు. "కొత్తగూడెంల వాళ్ల చుట్టాలు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నదంట. తొవ్వంత దాన్ని ఒళ్ల పెట్టుకొని కూసున్నది. గుంతల బండి ఎగిరితే కిరాయి ఇయ్యనని బెదిరించింది."

దారి పొడుగునా ఆడవాళ్లు గంపలతో ఇప్పపూలు ఏరుతున్నారు. ఆ పూల తీపి వాసన ఆటోలోకి కూడా వస్తోంది. ఎనిమిదిన్నరకు బడి ముందు దిగాను. రెండు గదులు, ఒక వరండా. ఒంటిపూట బడులు కాబట్టి పిల్లలు అప్పటికే వచ్చేశారు. 'ఈ వారం కరెంటు 9 నుంచి 11' అని గోడమీద సుద్దతో రాసి ఉంది. కరెంటు పుట్టే ఊరి నుంచి వచ్చి, అది ఎప్పుడొస్తుందో గోడమీద చదువుకున్నాను. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

రూతమ్మకు ముప్పై దాటి ఉండవు. చీరకొంగు నడుముకు దోపుకుని నాకు మంచినీళ్లు ఇస్తుండగా, వరండా చివర పొయ్యి దగ్గర మధ్యాహ్న భోజనం వండుతున్న లక్ష్మి అనే ఆమె గరిటె పక్కన పెట్టి వచ్చింది.

"టీచరమ్మా, మా స్వరూపను ఇగ పంపను. ఇంట్ల ఊకె ముచ్చట పెడ్తది, బడికొస్తే రాయే. ఏడు నెలలాయె, ఒక్క మాట మాట్లాడలె. సోమారం మా అన్న ఊరికి తోల్త, మేకలన్న కాసుకుంటది."

"ఇయ్యాల్టి పాఠం సూసి చెప్పు లక్ష్మీ. గంట సేపే" అంది రూతమ్మ. లక్ష్మి పొయ్యి దగ్గరికి వెళ్లి మళ్లీ గరిటె అందుకుంది.

కంప్యూటరు మీద కప్పిన పాత దుప్పటి తీస్తూ రూతమ్మ జరిగినదంతా చెప్పింది. మొదట ఆమె బజారులో పాఠాల సీడీలు కొనుక్కొచ్చింది. పిల్లలు బొమ్మలు కదులుతుంటే కళ్లప్పగించి చూశారే తప్ప ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ల ఇళ్లలో మాట్లాడేది కోయ భాష. అప్పుడు లక్ష్మి అత్త సమ్మక్కను బతిమాలి, సెల్‌ఫోన్ ముందు కూర్చోబెట్టి కోయలో కథ చెప్పమంది.

"రెండు మాటలు చెప్పుడు, ఆగుడు సార్. మళ్ల రెండు మాటలు, మళ్ల ఆగుడు. ఏందవ్వా అంటే, 'ఇది ఊ కొడ్తలేదు గదనే. ఇంటున్నదో పండుకున్నదో నాకెట్ల ఎరుక' అన్నది. ఆఖరికి మనవరాలు స్వరూపను పక్కన కూసోబెట్టుకొని కథంతా చెప్పింది. ఆ పిల్ల ఊ కొట్టిన కాడల్ల రికార్డయింది. ఈ బడిల స్వరూప గొంతు ఉన్నది గా కంప్యూటర్లనే సార్."

పిల్లలు గీసిన బొమ్మలను ఫోటోలు తీసి, కొత్తగూడెంలో నెట్ సెంటరు వాళ్ల దగ్గర నేర్చుకుని, ఆ గొంతుకు జత చేసిందట. ఒక్కో బొమ్మ కింద రెండేసి తెలుగు మాటలు. పెద్ద జీతాలు తీసుకునేవాళ్లకు కూడా ఈ ఆలోచన రాదనిపించింది.

తొమ్మిదింటికి కరెంటు వచ్చింది. ఆ డబ్బా మానిటరు వెలగడానికి పది నిమిషాలు తీసుకుంది. మౌసు తిప్పే వంతు ఆ రోజు స్వరూపది. రిబ్బన్లు ఊడిపోయిన జడలతో, దించిన తల ఎత్తకుండా వచ్చి కూర్చుంది. కథ నాకు రూతమ్మ చెవిలో చెప్పింది: ఇప్పపూలు మెక్కిన ఎలుగుబంటి ఇంటిదారి మరిచిపోయి, ఊళ్లో తలుపు తలుపూ తట్టి మా ఇల్లు ఏదని అడుగుతూ ఉంటుంది. అవ్వ గొంతు ఒక వాక్యం చెప్పగానే కంప్యూటరులోని స్వరూపతో పాటు పద్దెనిమిది మంది పిల్లలూ ఊ అంటున్నారు. తెర ముందు కూర్చున్న స్వరూప మాత్రం బొమ్మలు మారుస్తోంది, అంతే.

ఎలుగుబంటి మూడో తలుపు తట్టింది. కరెంటు పోయింది. గోడమీద రాతను బట్టి ఇంకా గంటన్నర ఉండాలి.

పిల్లలు మాత్రం ఆగలేదు. నల్లటి తెర వైపే చూస్తూ ఊ అన్నారు. మళ్లీ ఊ అన్నారు. కథను మధ్యలో వదిలేయకూడదని ఇక్కడ అందరికీ తెలుసు. అప్పుడు మౌసు మీద చెయ్యి తీయకుండానే స్వరూప మొదలుపెట్టింది. మొదట వినపడీ వినపడనట్టు, తర్వాత అచ్చం అవ్వలాగే సాగదీస్తూ. నాకు భాష రాదు. కానీ ఎలుగుబంటి తూలుతూ నడవడం, తలుపు తీసినవాళ్లు తిట్టడం నాకూ అర్థమయ్యాయి. ఒక వాక్యం చెప్పి ఆగి, తల ఎత్తి మా అందరి వైపు చూసింది. ఆశ్చర్యంలో పిల్లలు కూడా ఊ కొట్టడం మరిచిపోయారు.

"ఊ" అని గుమ్మం దగ్గర నుంచి వినిపించింది. లక్ష్మి. చేతిలో గరిటె, దాని నుంచి కారుతున్న పప్పు.

నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోను. పన్నెండున్నరకు పిల్లల పక్కన కూర్చుని అదే పప్పుతో అన్నం తిన్నాను. వడ్డిస్తున్న లక్ష్మిని సోమవారం సంగతి అడిగితే, "మేకలు యాడికి పోతయ్ సార్" అంది. తిరుగు బస్సులో జేబులోని తాళంచెవి తొడకు గుచ్చుకుంటూనే ఉంది. ముప్పై ఏళ్లలో పిల్లల చేత ఎన్ని వేలసార్లు ఊ అనిపించానో, వాళ్లకు నేను ఎన్నిసార్లు ఊ కొట్టానో ఆలోచిస్తే సిగ్గేసింది. సోమవారం ఆ గది తెరిచాను. గుడ్డలు మళ్లీ కప్పలేదు.

వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట. ఆరింటి బస్సే ఎక్కండి, ఆలస్యమైతే కరెంటు ఉండగా చేరుకోలేరు. పిల్లల వెనక కూర్చున్నాక మాత్రం చోద్యం చూస్తూ ఉండిపోకండి, ఊ కొట్టండి. కొట్టకపోతే పద్దెనిమిది మందీ వెనక్కి తిరిగి చూస్తారు. నన్ను చూశారు.