పొలిమేరలో పాడిన మామ

మొన్న దేవరకొండ గ్రంథాలయంలో పశ్చిమ ఆఫ్రికా పాటగాడొకాయన జీవితకథ చదివాను. బడిమెట్లెక్కకపోయినా ఆ బల్లల దగ్గర కూర్చుని చదువు కూడబెట్టుకున్నదాన్ని, దూరదేశాల సంగతులంటే నాకు ఇప్పటికీ ఆత్రమే. తరతరాలుగా పెద్దింటి వంశాలను పొగిడి పాడే కుటుంబమట ఆయనది. సొరబుర్రకు తోలు బిగించిన తంత్రుల వాద్యంతో పల్లెల్లో మొదలుపెట్టి, పట్నాలకెక్కి, రికార్డులిచ్చి, పాలకులు మారి ప్రాణం మీదికి వస్తే పొరుగుదేశానికి పారిపోయి అక్కడా పాడాడట. చదువుతుంటే మా మేనమామే కళ్లముందు నిలిచాడు.

మామ కూడా శారద అనే తంబుర భుజాన వేసుకుని, అత్త వంత పాడుతుంటే, ఊరూరా కథలు చెప్పినవాడే. మొదట దాతల వంశాలే పాడేవాడు. దొరల వెట్టికి ఎదురుతిరిగిన సంఘం వచ్చాక, దున్నేవాడిదే భూమి అని సొంతంగా పాట కట్టి మక్తల్ దాకా పేరు తెచ్చుకున్నాడు.

మా వాళ్లలో ఒక ఆచారముండేది. ఊరికి పెద్దమనుషులెవరొచ్చినా పాటగాడు పొలిమేరకు ఎదురేగి, తన గొంతులో ఉన్నవాటిలోకెల్లా మంచి పాటతో లోపలికి పిలుచుకురావాలి. పోలీసు చర్యప్పుడు రజాకార్లు పారిపోయి, మిలిటరీ లారీలు వస్తున్నాయనగానే మామ శారద అందుకున్నాడు. "జర ఆగరాదయ్యా, ఎవలో ఏమో" అని అత్త అడ్డం నిలబడితే, "మన పీడ వదిలించినోళ్లేనే. చుట్టం గడపల నిలబడ్డంక నువ్వెవలని అడుగుతమా?" అని నవ్వుకుంటూ నడిచాడు. ఆయన గొంతులో అన్నిటికన్నా మంచి పాట సంఘం పాటే. భాష తెలియని సిపాయిలు ముచ్చటపడి చప్పట్లు కొట్టారు. సంఘానికి జడిసి పట్నం పారిపోయి, వాళ్ల వెనకాలే తిరిగొచ్చిన మా ఊరి దొర ఒక్కో చరణానికీ అర్థం విప్పి చెప్పాడు.

సంఘపోళ్లను పట్టి కొట్టడానికి మిలిటరీ పెట్టిన క్యాంపుకు మామను లాక్కుపోయారు. అక్కడినుంచి ఆయన బతికే వచ్చాడు. వేళ్లు వంకరపోయాయి, గొంతులోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. ఆయనకు పారిపోవడానికి పొరుగుదేశం లేదు, పాట దాచుకోవడానికి రికార్డు లేదు. గొర్రెల వెంట తిరిగి తిరిగి, మాట లేకుండానే పోయాడు. అత్త ఆ తరువాత పెళ్లిళ్లలో కూడా ఎవరికీ వంత అందుకోలేదు.

ఇప్పుడు పసిపిల్ల తుమ్మినా ఫోన్లో పడుతుంది. ఆనాడు పాట మనుషుల్లోనే ఉండేది, మనుషులతోనే పోయేది. కల్వకుర్తిలో మామ చెల్లెలు, మా చిన్నమ్మ ఉన్నన్నాళ్లూ, నేను మామ పాటలో ఎక్కడైనా రాగం తప్పితే కోప్పడి దిద్దేది. పోయిన యేడు ఆమె కూడా కన్నుమూసింది. ఇప్పుడు నేనెట్లా పాడితే అదే మామ పాట. కాదు, తప్పు అని చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు.