మా ఇంటి ముందు మంచు ఎవరు తీశారు

ఆగస్టులో ఒక శనివారం ఉదయం ఏడున్నరకు సిద్దిపేట బస్టాండులో హైదరాబాదు బస్సెక్కాను. రెండు పెద్ద పెట్టెలు, ఒక చేతిసంచి. పక్క సీటులో ఎరువుల దుకాణం నడిపే ఒకాయన కూర్చున్నాడు.

"ఏడికి సారూ, గింత సామానుతోని?"

"కెనడాకు."

"బిడ్డ కాడికా?"

"కాదు, బళ్లో పాఠాలు చెప్పడానికి."

ఆయన నన్ను తల నుంచి కాలిదాకా చూశాడు. "గీ వయసులనా!" అన్నాడు. నాకప్పుడు యాభై రెండేళ్లు.

వెళ్లింది ఉపాధ్యాయుల మార్పిడి కింద. మానిటోబాలోని ఒక చిన్న ఊరి నుంచి డార్లీన్ అనే టీచరు ఏడాదిపాటు మా బడికి వస్తుంది. ఆమె చెప్పే లెక్కలు అక్కడ నేను చెప్పాలి. ఆమె సిద్దిపేటలో మా ఇంటి పై అంతస్తులో ఉంటుంది, నేను అక్కడ ఆమె ఇంట్లో ఉంటాను. నా భార్య వసుంధర ఇల్లు విడిచి రానంది.

మాది చేర్యాల వైపు ఒకప్పటి దొరల కుటుంబం. గడీ కూలింది, భూములు పోయాయి. తాతల నుంచి నాకు దక్కినవి తమలపాకులు పెట్టుకునే ఒక వెండి పాందాను, ఒక నడక. వెన్ను వంచకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, ఎంత పని ఉన్నా తొందర పడకుండా నడవడం మా ఇంట్లో అక్షరాలకంటే ముందు నేర్పేవారు.

ఢిల్లీ, టొరంటో మీదుగా విన్నిపెగ్‌లో దిగేసరికి అక్కడ మధ్యాహ్నం మూడు. బడి ప్రిన్సిపాల్ కారుతో వచ్చింది. ఊరికి రెండు గంటల ప్రయాణం. దారి పొడవునా రెండు వైపులా పండిన గోధుమ చేలే. ఎక్కడా గట్టు లేదు, మనిషి లేడు. డార్లీన్ ఇల్లు చెక్కది. చిన్నదే కానీ వెచ్చగా ఉంది.

వెళ్లాలనుకునేవారి కోసం నా దినచర్య చెబుతాను. ఆరుకు లేచి అన్నం, పప్పు వండుకునేవాణ్ణి. బియ్యం, కందిపప్పు, కారం నెలకోసారి విన్నిపెగ్‌లోని పంజాబీల దుకాణం నుంచి తెచ్చుకోవాలి. బడి తొమ్మిదికి పది నిమిషాల ముందు మొదలవుతుంది. మా ఇంటి నుంచి పావుగంట నడక. భోజనం పన్నెండుకు, పిల్లలు ఇంటికి వెళ్లేది మూడున్నరకు. టీచర్ల గదిలో ఎవరి కప్పు వాళ్లే కడుక్కోవాలి. నాకది మొదట్లో కష్టమైంది, తర్వాత అలవాటైంది. పిల్లలు తెలివైనవాళ్లు. లెక్క రాకపోతే రాలేదని మొహం మీదే చెబుతారు.

నవంబరు మొదటి వారంలో మంచు పడింది. నేను తలుపు తీసేసరికి మెట్ల నుంచి రోడ్డుదాకా దారి శుభ్రంగా ఉంది. మున్సిపాలిటీ వాళ్లు చురుకైనవాళ్లే అనుకున్నాను. మూడోసారి మంచు పడినప్పుడు మనిషిని కూడా చూశాను. ఎర్ర కోటు వేసుకుని, ముఖమంతా కప్పుకుని, వెడల్పాటి పారతో తోస్తున్నాడు. మెట్ల పక్కన కొంత మిగిలిపోయింది. కిటికీ అద్దం తట్టి వేలితో చూపించాను. ఆయన చేయి ఎత్తి, అది కూడా తీసేశాడు. మంచి పనివాడు దొరికాడనుకున్నాను.

ఊరు కూడా నన్ను గౌరవించడం మొదలుపెట్టింది. టీచర్ల గదిలో నేను అడుగుపెట్టగానే హీటర్ పక్క కుర్చీ ఖాళీ అయ్యేది. పిల్లలు పోటీపడి నా పుస్తకాలు మోసేవారు. సరుకుల దుకాణంలో బిల్లు కొట్టే అమ్మాయి సంచీలు తలుపుదాకా తెచ్చి ఇచ్చేది. మేడమీద ఉన్న నా తరగతిని ప్రిన్సిపాల్ తనంతట తానే కిందికి మార్పించింది. వంశం ఏ దేశంలోనైనా నడకలో తెలిసిపోతుందని వసుంధరకు ఫోన్లో చెప్పాను.

"అబ్బో! గీడ కూరగాయలోడు గూడ మీకు సలాం గొట్టడు. గాడ కొడుతున్నరా?" అంది.

డిసెంబరులో ఒక ఆదివారం అక్కడ ఉదయం ఎనిమిదికి, అంటే సిద్దిపేటలో సాయంత్రం ఏడున్నరకు, తనే ఫోన్ చేసింది.

"ఇయ్యాల పొద్దుగాల ఏమైందో ఎరికేనా? పైనున్న టీచరమ్మ చీపురు వట్టుకొని మన వాకిలీ, పక్కింటి రాజవ్వ వాకిలీ రెండూ ఊడ్చింది. నువ్వెందుకమ్మా అంటే, మా ఊర్ల గంతే అన్నది. ఎవ్వలింటి ముందు మంచు వాళ్లే తీసుకుంటరట. పక్కింటోళ్లకు చాతగాకుంటే వాళ్లది గూడ తీస్తరట. మరి గాడ మీది ఎవ్వలు దీస్తున్నరు?"

"మున్సిపాలిటీ వాళ్లు."

"మున్సిపాలిటోళ్లు రోడ్డే తీస్తరంట. నేనడిగిన. జర ఎవ్వలో సూడున్రి."

మర్నాడు మళ్లీ మంచు పడింది. ఆరున్నరకే కోటు తొడుక్కుని బయటికి వెళ్లాను. ఎర్ర కోటాయన ముఖం మీది ఉన్ని గుడ్డ కిందికి లాగాడు. పక్కింటి హెరాల్డ్. ధాన్యం గిడ్డంగిలో పనిచేసి రిటైరైన మనిషి, డెబ్బై దాటినవాడు.

"రోజూ మీరేనా తీస్తున్నది?"

"ఇంకెవరు? మీరు లోపలికి వెళ్లండి, మిస్టర్ రావు. ఈ చలి మీ గుండెకు మంచిది కాదు."

"నా గుండెకేమైంది?"

ఆయన గొంతు తగ్గించాడు. "నా దగ్గర దాచకండి. మా తమ్ముడు ఆపరేషన్ అయ్యాక అచ్చం మీలాగే నడిచేవాడు. నిటారుగా, ఒక్కో అడుగు చూసుకుంటూ. మిమ్మల్ని మెట్లు ఎక్కించవద్దని బడిలో నేనే చెప్పాను."

నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. హీటర్ పక్క కుర్చీ, పుస్తకాలు మోసిన పిల్లలు, కిందికి దిగిన తరగతి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఊరంతా నన్ను గుండె జబ్బువాడనుకుని చూసుకుంటోంది. నేను మాట్లాడకుండా ఉంటే జూన్ దాకా అలాగే చూసుకుంటుంది. చెబితే, ఒళ్లు బాగుండీ ముసలాయన చేత చాకిరీ చేయించుకున్నవాడినని తేలుతుంది. మూడు రోజులు చెప్పలేదు. మూడు రోజులూ పిల్లలు నా పుస్తకాలు మోశారు.

నాలుగో రోజు కిటికీలోంచి చూస్తే హెరాల్డ్ నా దారి పూర్తిచేసి, తన ఇంటిముందు సగంలో ఆగి, నడుము పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. మా తాత కాలంలో గడీ వాకిలి ఊడ్చినవాళ్లకు కూలి ఇచ్చేవారు కాదు. దాన్ని వెట్టి అంటారు. మా నాన్న ఆ మాటను ఇంట్లో పలకనిచ్చేవాడు కాదు. ఆ ఉదయం ఆ మాట నాకు నేనే పైకి అనుకుని, బూట్లు తొడుక్కుని వెళ్లాను.

"హెరాల్డ్, నాకే జబ్బూ లేదు. నేనెప్పుడూ పార పట్టలేదు. అంతే."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

"మరి ఆ నడక?"

"మా ఇంటి నడక."

ఆయన నవ్వలేదు. "యాభై ఏళ్లు పార పట్టకుండా ఎలా గడిచింది?" అన్నాడు.

"వేరేవాళ్లు పట్టారు."

ఆయన లేచి పార నా చేతికిచ్చాడు. ఎత్తకూడదు, తోయాలి అన్నాడు. మోకాళ్లు వంచాలి, వెన్ను మాత్రం నిటారుగా ఉంచాలి అన్నాడు. ఆ చివరి విషయంలో నాకు శిక్షణ అవసరం లేకపోయింది. ఆయన వాకిలిలో మిగిలిన సగం తీయడానికి నలభై నిమిషాలు పట్టింది. అరచేతుల్లో బొబ్బలు లేచాయి, ఆ రోజు బడికి పది నిమిషాలు ఆలస్యమయ్యాను.

కబురు నాకంటే ముందే చేరింది. హీటర్ పక్క కుర్చీలో సైన్సు టీచరు హాయిగా కూర్చుని ఉంది, లేవలేదు. సోమవారానికి నా తరగతి మళ్లీ మేడమీదికి పోయింది. ఒక పిల్ల చెయ్యెత్తి, "మిస్టర్ రావు, మా ఇంటిముందు కూడా తీస్తారా?" అని అడిగింది. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. తరగతిలో నేను నవ్వడం వాళ్లు చూడటం అదే మొదలట.

వసుంధర మాత్రం నమ్మలేదు. "పార వట్టిన్రా? ఫోటో తియ్యున్రి, గప్పుడు నమ్ముత." పంపాను. సాయంత్రానికి దాన్ని సగం సిద్దిపేట చూసింది.

మార్చి చివరిదాకా రెండిళ్ల మంచూ నేనే తీశాను. వెళ్లేవాళ్లకు ఒక మాట. ప్లాస్టిక్ పార కొనండి, తేలిక. మనుషులు తొక్కకముందే తీయండి. తొక్కితే గడ్డకట్టి రాయవుతుంది. తీశాక హెరాల్డ్ ఇంట్లో చక్కెర లేని కాఫీ, ధాన్యం గిడ్డంగి కబుర్లు. ఆ ఏడాదిలో నాకు బాగా నచ్చిన వేళ అదే.

జూన్ ఆఖరున హెరాల్డే నన్ను విమానాశ్రయానికి తీసుకొచ్చాడు. కారు ఆపి, వెనక డిక్కీ తెరిచే మీట నొక్కి, స్టీరింగ్ ముందు అలాగే కూర్చున్నాడు. రెండు పెట్టెలూ నేనే దించుకున్నాను.

"నవంబరులో అయితే నేను దిగి మోసేవాణ్ణి," అన్నాడు, కిటికీలోంచి చేయి కలుపుతూ. కెనడాలో నేను అందుకున్న మర్యాదలన్నిటిలో నిఖార్సైనది అదేనని నా అభిప్రాయం.

హైదరాబాదులో తెల్లవారుజామున దిగి, జూబ్లీ బస్టాండులో ఎనిమిదిన్నరకు సిద్దిపేట బస్సెక్కాను. పెళ్లిళ్ల రోజులు, బస్సు నిండిపోయింది. పెట్టెలు డ్రైవరు వెనక సర్ది, కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. శామీర్‌పేట దాటింది. కిటికీ అవతల దుక్కి దున్నిన ఎర్ర నేల, గట్లు, గట్ల మీద మనుషులు. చూస్తూ నిలబడటం బాగానే ఉంది. ప్రజ్ఞాపూర్ దగ్గర పడుతుండగా తలపాగా చుట్టుకున్న ఒకాయన లేచాడు.

"కూసోండ్రి సారూ."

ఎందుకు లేచాడో తెలుసుకోకుండా కూర్చోవడం నాకిప్పుడు చేతకాదు. అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"ఎందుకేంది సారూ? నా స్టేజీ అచ్చింది, దిగుతున్న."

ప్రాణం నిమ్మళించింది. కూర్చున్నాను. సిద్దిపేటకు ఇంకో గంట.