గుట్ట మలుపులో హారన్

ధర్మ్యా జీపుకు తలుపులు లేవు. పైకప్పు ఉందంటే ఉంది, లేదంటే లేదు. కానీ నాలుగు చక్రాలూ ఒకేసారి లాగే జీపు ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఇంకొకటి లేదని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతాడు. దుబాయిలో ఏడేళ్ళు టూరిస్టులను ఇసుక దిబ్బలెక్కించి దించిన మనిషి. 2011లో తండాకు తిరిగొచ్చాక, కామారెడ్డిలో మెకానిక్ యాకూబు షెడ్డు వెనక తుప్పు పడుతున్న ఈ జీపును చూసి మనసు పారేసుకున్నాడు.

తండా వెనక గుట్ట మీద ఒకప్పుడు రాతి క్వారీ నడిచింది. రాయిలో పగుళ్ళు ఎక్కువని, అతను రావడానికి ఏడాది ముందే మూసేశారు. లారీలు తిరిగిన బాటలు మాత్రం గుట్ట చుట్టూ మిగిలిపోయాయి. ఆదివారం వస్తే కామారెడ్డి నుంచీ హైదరాబాదు నుంచీ కుర్రాళ్ళు వచ్చి, ఆ బాటలు తిరగడానికి, నీళ్ళు నిండిన క్వారీ గుంతలు చూడడానికి ధర్మ్యా జీపు కిరాయికి తీసుకునేవారు. దారి పొడుగునా అతను వాళ్ళకు చెప్పే క్వారీ కథల్లో సగం అక్కడికక్కడే పుట్టినవి. క్వారీ నడిచిన రోజుల్లో అతను దుబాయిలో ఉన్నాడు మరి.

అన్నీ బాగానే ఉన్నాయి. భార్య హీరి మాత్రం జీపెక్కదు.

జీపుకంటిన బురద కడుగుతుంది. సీట్లు తుడుస్తుంది. ఎక్కమంటే పని ఉందంటుంది. ఎల్లారెడ్డి అంగడికి ఆటోలో పోయొస్తుంది. ఏడేళ్ళు ఒంటరిగా వదిలిపోయినందుకు ఇంకా కోపముందేమోనని ధర్మ్యాకు లోపల అనుమానం. ఫోనులో కాపురం చేసిన ఏడేళ్ళలో ఇద్దరూ ఒకరికొకరు మర్యాదస్థులైపోయారు. ఒకే కప్పు కిందికి వచ్చాక కూడా ఆ మర్యాద పోలేదు, అదే అతన్ని తినేస్తోంది. అడగాలంటే భయం. అవును, కోపమే అంటే ఏం చేయాలి? పిలుపు కూడా పాత పిలుపే, కూతురి పేరు పెట్టి ‘చందన యాడీ’ అని. యాడీ అంటే లంబాడీలో అమ్మ. పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచే మగవాడు ఆ తండాలో లేడు, పిలిస్తే నవ్విపోతారు.

అందుకని నోటితో అనలేనిది హారన్‌తో అనేవాడు. గుట్ట దిగుతుంటే చివరి మలుపు దగ్గర తండా కనిపిస్తుంది. అక్కడ చేయి ఎత్తకుండా పొడుగ్గా హారన్ కొట్టేవాడు. వచ్చేస్తున్న, చాయ్ పెట్టు అని దానర్థం. ఇంటికి చేరేసరికి హీరి గోడ చాటు నుంచి వచ్చేది. పక్కింటి దేవీసింగ్ తల్లి గోడకానుకుని నేల మీద కూచుని ఉండేది. జీపు చూడాలని ముసలమ్మకు ఎంత ముచ్చటో అనుకునేవాడు. చాయ్ గ్లాసు అందించే హీరి మోచేతికి మట్టి అంటి ఉండేది. పని మీద నుంచి లేచొచ్చిందనుకునేవాడు.

2013 వానాకాలంలో ముగ్గురు కుర్రాళ్ళు తామే నడుపుకుంటామని జీపు తీసుకుపోయి, పైన క్వారీలో తడిసిన రాతిపొడిలో ఇరికించేశారు. కాలినడకన తిరిగొచ్చి, తాళంచెవి ధర్మ్యా చేతిలో పెట్టి, ఏమనుకోవద్దని చెప్పి ఆటో ఎక్కేశారు. బాట పట్టుకుని పోతే గుట్టంతా చుట్టి రావాలి. పైగా మబ్బు కమ్ముతోంది.

“అడ్డ తొవ్వ ఉన్నది. నేను చూపిస్త,” అంది హీరి.

“నీకెట్ల ఎరుక?”

“ఎరుకే,” అని ముందు నడిచింది.

ఆమె పొదల మధ్య ఎక్కడా తడుముకోలేదు. ధర్మ్యా ఆయాసపడుతూ వెంటపడ్డాడు. పైకి చేరాక ఇద్దరూ పలుచని రాతి చెక్కలు ఏరి చక్రాల కింద పేర్చారు. జీపు కాసేపు మూలిగి బయటపడింది. అప్పుడే వాన అందుకుంది.

“ఎక్కు, చందన యాడీ. తడుస్తవ్.”

హీరి తటపటాయించి, ఎక్కింది. ధర్మ్యా గుండె పొంగింది. దుబాయిలో ఎంతమందిని తిప్పినా ఇంత జాగ్రత్తగా ఎన్నడూ నడపలేదు. చివరి మలుపు వచ్చింది. చాయ్ పెట్టే మనిషి పక్కనే ఉన్న సంగతి మరిచి, సంతోషంలో అతని చేయి అలవాటుగా హారన్ మీద పడింది.

ఆ మరుక్షణమే హీరి అతని మెడ పట్టి కిందికి వంచి, మీద తాను అడ్డంగా పడిపోయింది. బ్రేకు ఎలా తొక్కాడో అతనికే తెలియదు. జీపు గట్టుకానుకుని ఆగింది. ఆమె గుండె దడదడ కొట్టుకోవడం అతని వీపుకు తెలుస్తోంది. కాసేపటికి ఆమె లేచి, సిగ్గుపడుతూ కొంగు సర్దుకుంది.

“ఏందిది?” అన్నాడు ధర్మ్యా.

“రాళ్ళొస్తయనుకున్న.”

“ఏం రాళ్ళు?”

అప్పుడు చెప్పింది. క్వారీలో మందు పేల్చే ముందు మేస్త్రీ ట్రాక్టరు హారన్ ఇలాగే పొడుగ్గా కొట్టేవాడట. అది వినబడితే తట్ట పారేసి బండ చాటుకు ఉరకాలి. ఒకసారి దేవీసింగ్ తల్లి ఉరకలేకపోతే రాయి తగిలి భుజం విరిగింది. తండా ఆడవాళ్ళంతా అక్కడే పనిచేశారు.

“కూలికి పోతున్న అన్నవు గద, ఫోన్ల?”

“గదీ కూలే.”

ఏం కూలి అని అతను ఒక్కనాడూ అడగలేదు. ఫోనులో దుబాయి ఎండ గురించి, ఇసుక గురించి, తన కష్టం గురించే చెప్పుకున్నాడు. అది తలుచుకుంటే అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

“మరి నేను ఎప్పుడు గుట్ట దిగినా కొడుతున్న గద.”

“ఎప్పుడు కొడితే అప్పుడు ఉరుకుతున్నం. జీపే అని మనసుకు ఎరుకే, కాళ్ళకు ఎరుకలేదు.”

“జీపెక్కకపోవుడు గందుకేనా?”

“మరి? దీంట్ల కూసుంటే యాడికి ఉరకాలె?”

“ఒక్కసారన్న చెప్పకపోతివి.”

“నువ్వు సంబరంగ కొడుతుంటివి,” అంది హీరి, వానలోకి చూస్తూ. “ఆయనకు చెప్పకుండ్రి అని తండల అందరికి నేనే చెప్పిన.”

ఆమెకు కోపమేమోనని ఇన్నాళ్ళూ అతను భయపడ్డాడు. అతని సంబరం ఎక్కడ చెడుతుందోనని ఇన్నాళ్ళూ ఆమె గోడ చాటుకు పరుగెత్తింది. ధర్మ్యా స్టీరింగు పట్టుకుని ఏడ్చాడు. ఆమె దగ్గరికి జరిగి కూచుంది.

తరువాతి ఆదివారం కిరాయివాళ్ళను దించుకొస్తూ చివరి మలుపు దగ్గర ధర్మ్యా జీపు ఆపి ఇంజను కట్టేశాడు. బండి చెడిపోయిందనుకున్నారు వాళ్ళు. అతను సీటు మీద లేచి నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, గుట్ట మారుమోగేలా కేకేశాడు.

“హీరీ... వస్తున్న.”

తండాలో మగవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. దేవీసింగ్ తల్లి మంచం మీద నుంచి కదలలేదు. అతను ఇంటికి చేరేసరికి హీరి వాకిట్లోనే నిలబడి ఉంది, చేతిలో చాయ్ గ్లాసుతో.

“నా పరువు తీసినవ్,” అంది, గ్లాసు అందిస్తూ. “రేపటి సంది జర మెల్లగ పిలువు.”