బందరు కాలవ పాముకి నేను పోసిన పురుడు

ప్యాసయ్యానండీ! బీయస్సీ జువాలజీ, సెకండ్ క్లాస్! మా వంశంలో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి నేనే. పొద్దున్నే పేపర్లో నంబరు చూసుకుని, పటమట నుంచి గవర్నర్‌పేట మందుల షాపు ఫోను దాకా పరిగెత్తుకొచ్చాను. ట్రంకాల్ కలిసేలోగా, ఈ డిగ్రీని దాదాపు కాలవలో కలిపేసిన నా ఘనకార్యం షాపులో ఉన్న మీ అందరికీ చెప్తాను. నవ్వుకోండి, ఫర్వాలేదు.

ప్రాక్టికల్ పరీక్షకి ఎవరి జంతువు వాళ్ళే తెచ్చుకుని, కోసి, లోపల ఏముందో చెప్పాలి. కూలికెళ్ళే మా నాన్న బందరు కాలవలో నీటిపామును పట్టిచ్చాడు. "ఈ రకం గుడ్లు పెట్టదురా అబ్బాయ్, పిల్లల్నే కంటది" అన్నాడు. పుస్తకాలన్నీ పోయి ఆ ఒక్క మాటే బుర్రలో మిగిలింది.

క్లోరోఫాం ఇచ్చి కోశాను. పాము లోపల అన్నీ గొట్టాలే. లావుపాటిది చూసి చీల్చాను. తెల్లగా, సేమ్యాల్లాంటివి జారిపడి మెలికలు తిరిగాయి. బతికే ఉన్నాయి!

"సార్! తల్లిపాము సార్! పంతొమ్మిది మంది పిల్లలు!" అని కేకపెట్టాను.

ఎగ్జామినరు గారు వచ్చి వంగి చూశారు. "వీటికి కళ్ళేవయ్యా?"

"ఇంకా తెరవలేదు సార్!"

"పొలుసులో?"

"పెరిగాక వస్తాయేమో సార్!"

మా ఊరివాడే అయిన ల్యాబ్ అటెండరు కళ్ళొత్తుకుని, "వేణ్ణీళ్ళు పెట్టమంటారాండీ?" అన్నాడు.

ఎగ్జామినరు గారు పట్టకారుతో ఇంకాస్త వెతికి, "బాబూ, ఇది మగపాము. నువ్వు కోసింది పొట్ట. ఇవి ఏలికపాములు" అన్నారు.

డిగ్రీ పోయిందని ఏడుపు లంకించుకున్నాను. ఆయన నా చేతిలో భూతద్దం పెట్టారు. "ఏడుపాపి చూడు."

చూశాను. ఒక్కోదానికి మూడేసి పెదవులు! కొన్ని ఇంకా పొట్ట గోడలోకి తలలు దూర్చి పట్టుకునే ఉన్నాయి.

"చేపలోంచి పాములోకొచ్చాయి. ఇల్లు కూలినా కాపురం మానలేదు చూశావా?" అన్నారాయన.

నేను రోజూ ఈదిన కాలవలో, ఒక పాము చీకటి పొట్టలో ఇంత లోకం ఉందా! పరీక్ష సంగతే మర్చిపోయి మళ్ళీ భూతద్దంలోకి వంగాను.

"ఇప్పుడు చూసింది చూసినట్టు రాయి" అన్నారు. గంట కొట్టేదాకా రాశాను. అదే నన్ను గట్టెక్కించింది.

మీ అందరి సాక్షిగా ప్రమాణం: ఆడో మగో తేలకుండా ఇక జన్మలో ఎవరికీ పురుడు పోయను.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళు: పాస్టరు గారు; గుంటూరు ఆసుపత్రిలో ఆయాగా చేసే పిన్ని, ఆవిడవి అసలైన పురుళ్ళు; ఊళ్ళో రైసుమిల్లు గుమాస్తా గారు, ఆయనే అమ్మని పిలవాలి; ఆఖరికి నాన్న. అటెండరు ఊరికి సగం కథే మోసుకెళ్ళాడు. మావాడు పాముకి పంతొమ్మిది కాన్పులు చేశాడని నాన్న ఊరంతా చెప్పుకుని మురిసిపోతున్నాడు.

ముందు ప్యాసయ్యానని చెప్తాను. అది మగదని ఇంకో ట్రంకాల్లో.