లోటు లేని లెక్క

ఆ లెక్కలో తప్పు లేదు. పైన రాబడి, కింద ఖర్చు, అడుగున రెండూ సమానం. పదో తరగతి పిల్లలు రాసిచ్చిన కాగితాల కట్టలో అలా సమానంగా తేలింది అదొక్కటే. అందుకే దాన్ని చేత్తో పైకెత్తి క్లాసు ముందు నిలబడి, "లెక్కంటే ఇట్ల ఉండాలె" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. రాసిన అమ్మాయి రెండో బెంచీలో జడ చివరను వేలికి చుట్టుకుంటూ తల దించుకొని నవ్వింది.

నేను బషీర్‌బాగ్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్లు చూస్తాను. ఉండేది చిక్కడపల్లిలో, కిరాయి ఇంట్లో. నారాయణగూడ వైపు ఉన్న ఒక సర్కారు బడి పెద్ద మేడమ్ మా గల్లీలోనే ఉంటారు. పదో తరగతి అయ్యాక ఏం చదవాలో, ఏ పనికి ఎంత వస్తుందో, వచ్చింది ఎలా వాడుకోవాలో తమ పిల్లలకు ఎవరూ చెప్పడం లేదని, శనివారం మధ్యాహ్నాలు వచ్చి చెప్పమని అడిగారు. వెంటనే ఒప్పుకున్నాను. ఒకప్పుడు అశోక్‌నగర్‌లో సర్కారు కొలువు కోసం ఏడేళ్ళు పోటీ పరీక్షలు రాసి, ఏదీ రాక బయటపడ్డవాణ్ణి. అంత చదివినవాడికి వినేవాళ్ళు దొరికితే కాదనాలనిపించదు.

మొదటి రెండు నెలలు ఉద్యోగాల గురించి చెప్పాను. ఎవరికి ఏ పని ఇష్టమో చీటీ మీద రాయమన్నాను. ఒకడు పోలీస్ అని రాశాడు, ఒకడు యూట్యూబ్ అని రాశాడు. ఈ అమ్మాయి "రక్తం పరీక్షలు చేసే పని" అని రాసింది. ఎందుకమ్మా అని అడిగితే నిలబడి చెప్పింది.

"మా అమ్మకు టెస్టులు చేపిస్తుంటే ఆడ ఒక అక్క మిషిన్ల చూస్తుండె సార్. నన్ను గూడ చూడమన్నది. రక్తంల చిన్న చిన్నయి, గుండ్రంగ, మస్తుగ ఉన్నయి."

ఇంటర్‌లో బైపీసీ తీసుకొని, ఆ తర్వాత ల్యాబ్ డిప్లొమా చేయొచ్చని చెప్పాను. బోర్డు మీద బాణం గుర్తులు వేసి మరీ చూపించాను. ఆ అమ్మాయి ఆ బాణాలన్నీ రాసుకుంది.

ఆ చీటీలన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఆ అధ్యాయం అయిపోయిందనుకున్నాను. తర్వాతి రెండు నెలలు ఇంటి బడ్జెట్. అకౌంట్ల మనిషిని కాబట్టి నాకు అది ఇంకా ఇష్టమైన భాగం. అవసరం ఏది, కోరిక ఏది అని అడిగితే క్లాసంతా గోలగోలగా ఉండేది.

"సార్, ఫోన్ రీచార్జి అవసరమా, కోరికా?"

"నువ్వే చెప్పు."

"అవసరమే సార్. మా అమ్మ సీరియల్ ఫోన్లనే చూస్తది. రీచార్జి లేకుంటే ఇంట్ల అన్నం ఉండదు."

చివర్లో ఒక పని పెట్టాను. వచ్చే ఏడాది మీ ఇల్లు నెలనెలా ఎలా నడుస్తుందో రాసుకురండి. ఎవరేం చేస్తారు, ఎంతొస్తుంది, ఎంత పోతుంది. ఒకటే షరతు. అప్పు రాయొద్దు. "అప్పు రాస్తే ఎవరి లెక్కయినా సరిపోతది, అది లెక్క కాదు" అన్నాను. ఆ మాట నాకు నేనే బాగా చెప్పాననిపించింది.

ఆ అమ్మాయి మొదట తెచ్చిన కాగితంలో లోటు తేలింది. నాన్న ఆటో నడుపుతాడు. అమ్మ అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ మెస్సులో చపాతీలు చేస్తుంది. అన్న డిగ్రీ అయ్యాక అక్కడే కోచింగ్ తీసుకుంటున్నాడు. ఇల్లు ఒకటే గది కాబట్టి నెలకింత కట్టి రీడింగ్ రూములో కూర్చొని చదువుకుంటాడు. కోచింగ్ ఫీజు, రీడింగ్ రూము, మాక్ టెస్టులు అన్నీ విడివిడిగా శ్రద్ధగా రాసింది. కింద తన కాలేజీ ఫీజు, బస్ పాస్ కూడా రాసింది. రాబడి చాలలేదు.

"ఇంకోసారి చూడు. ఎక్కడో తగ్గించాలె, లేకపోతే పెంచాలె" అన్నాను.

"అన్న కోచింగ్ తీసేస్తే సరిపోతది సార్. తీసెయ్యొచ్చా?"

ఆ ప్రశ్న ఆమె మామూలుగా అడగలేదు. ఒక చేత్తో కాగితం పట్టుకొని, నా మొహం వైపే చూస్తూ అడిగింది. అది నాకు ఇప్పుడు తెలుస్తోంది.

"అది ఖర్చు గాదమ్మా, పెట్టుబడి. దాన్ని ముట్టుకోవద్దు. మిగతాది చూసుకో" అన్నాను.

ఆమె మిగతాది చూసుకుంది. మరుసటి శనివారం తెచ్చిన కాగితంలో కాలేజీ ఫీజు లేదు, బస్ పాస్ లేదు. రాబడిలో అడుగున చిన్న అక్షరాలతో "నా జీతం" అని ఒక వరుస చేరింది. ఆ వరుస చూడలేదని చెప్పుకుంటే నాకు సులువుగా ఉండేది. చూశాను. ఏదో సెలవుల్లో చేసే పని అయ్యుంటుందనుకున్నాను. అంతలోనే నా కళ్ళు అడుగున ఉన్న మొత్తం మీదికి పోయాయి. సమానం. రక్తం పరీక్షల చీటీ వేరే ఫైల్లో ఉంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు. కాగితం పైకెత్తాను, పిల్లలు చప్పట్లు కొట్టారు.

పరీక్షలైపోయాయి, ఎండాకాలం గడిచింది. బడులు తెరిచాక ఒకరోజు మా ఆవిడ చీర ఒకటి చేతికిచ్చి, దానికి జాకెట్టు ముక్క తెమ్మని నారాయణగూడలోని ఒక మ్యాచింగ్ సెంటర్‌కు పంపింది. రంగురంగుల బట్టల చుట్టల మధ్య, కౌంటర్ వెనక ఆ అమ్మాయి నిలబడి ఉంది.

"నమస్తే సార్! గుర్తుపట్టిండ్రా?"

ఆమె మొహంలో సిగ్గు గానీ బాధ గానీ లేదు. బాగా చదివిన పిల్ల మార్కులు చెప్పడానికి వచ్చినట్టుంది.

"మన లెక్క ప్రకారమే నడుస్తున్నం సార్. అన్న ఫీజు ఒక్క నెల గూడ ఆగలే."

"మరి కాలేజీ?"

"అన్నకు జాబ్ వచ్చినంక చేరుత సార్. నోటిఫికేషన్ పడుతదంట."

చీర ఆమె చేతికివ్వడం కూడా మరిచిపోయి బయటికొచ్చేశాను. నోటిఫికేషన్ పడుతుందంట. ఆ మాట మీద నేను ఏడేళ్ళు బతికాను. నాకు జాబ్ రాగానే నిన్ను చదివిస్తానని నేను కూడా ఒకరికి చెప్పాను.

ఆమె మా అక్క. నాకన్నా ఏడాదే పెద్ద. డిగ్రీ మంచి మార్కులతో పాసైంది. మరుసటి ఏడు బీఎడ్‌లో సీటు వచ్చింది. ఆ ఏడాదే నేను అశోక్‌నగర్‌కు వచ్చాను. అక్క సీటు వదిలేసి ఇంట్లో మిషన్ పెట్టుకొని చీరలకు ఫాల్స్ కుట్టింది. నా కిరాయి, నా మెస్సు, నా పుస్తకాలు ఆ మిషన్ మీదే నడిచాయి. ఈ మాట క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఏడేళ్ళ గురించి మాత్రం చాలా చెప్పాను. ఫుట్‌పాత్ మీద పుస్తకాలు, ఒక చాయ్‌ని ఇద్దరం పంచుకోవడం, అర్థశాస్త్రం మీద వాదనలు. పైసలు ఎక్కడినుంచి వచ్చేవని ఒక పిల్లవాడు అడిగితే, "ఇంటి నుంచి" అని పాఠంలోకి పోయాను.

ఆ ఆదివారం అంబర్‌పేట్‌లో ఉన్న అక్క దగ్గరికి పోయాను. జరిగింది చెప్పాను. ఆమె ఉల్లిగడ్డలు కోస్తూ వింది.

"నీకు నా మీద కోపం రాలేదా అక్కా?"

"ఎందుకు రాలె? నీ రిజల్ట్ వచ్చిన ప్రతిసారి వచ్చింది. నువ్వేమో మొహం వేలాడేసుకొని కూసుంటివి. నిన్నే ఓదార్చాల్సి వచ్చె. నా కోపం ఎప్పుడు చూపియ్యాల్నో తెల్వకపాయె."

"ఎన్నడూ చెప్పలేదు."

"నువ్వు అడిగినవారా ఎన్నడన్న?" కత్తిపీట పక్కకు జరిపింది. "సరే, నా ముచ్చట ఒడిసిపోయింది. నా కాడ కూసోని ఏడిస్తే ఏమొస్తది? పో, ఆ పిల్ల అన్న కాడికి పో. చాయ్ తాగి పో."

రెండు రోజులకు అశోక్‌నగర్‌లో రీడింగ్ రూము కింద ఉన్న చాయ్ బండి దగ్గర వాణ్ణి పట్టుకున్నాను. నేను మనసులో ఊహించుకున్న స్వార్థపరుడు కాదు. సన్నగా, భయంభయంగా ఉన్న మంచి పిల్లవాడు. చెల్లెలి సారునని తెలియగానే చాయ్‌కి వాడే డబ్బులిచ్చాడు.

"చెల్లెను కాలేజీల చేర్పించాలె బేటా" అన్నాను.

వాడు అయోమయంగా చూశాడు. "అది మీరే మెచ్చుకున్న ప్లాన్ గద సార్? ఆ పేపర్ మా అమ్మ ఫ్రిజ్ మీద అతికిచ్చింది. సార్ ఫస్ట్ ఇచ్చిండు అని చుట్టాలకు గూడ చూపిస్తున్నది. నేను వద్దంటె, సారే మంచిగుందన్నడు, నీకేంది అని నా మీదికే వచ్చింది."

"నువ్వు వద్దన్నవా?"

"అన్న సార్. ఒకసారి." గ్లాసును చేతిలో తిప్పి, "గట్టిగ అనలే" అన్నాడు.

సాయంత్రాలు ఏదైనా పని చూసుకుంటూ చదువుకోవచ్చు కదా అన్నాను. వాడు గ్లాసులో అడుగున మిగిలిన చాయ్ వైపు చూస్తూ అడిగాడు.

"మీరు గూడ ఈడనే చదివిండ్రంట గద. పని చేసుకుంట చదివిండ్రా?"

"లేదు."

"మరెట్ల నడిచింది?"

"మా అక్క."

"తర్వాత చదువుకున్నదా సార్, మీ అక్క?"

"లేదు."

వాడు గ్లాసు బండి మీద పెట్టాడు. "అయితే ఆ పేపర్ చూసినప్పుడే మీకు తెల్వాలె గద సార్" అన్నాడు. ఎత్తిపొడుపేమీ లేదు ఆ మాటలో. నిజంగానే అర్థం కాక అడిగాడు. నాకు తెలిసింది కాబట్టే అక్కడ ఆగలేదేమో. నా జీవితమంతా ఏ వరుస మీద నిలబడిందో ఆ వరుసను ఒక చిన్నపిల్ల చేతిరాతలో చూసి, అది ఉండాల్సిన చోటే ఉందనుకున్నాను.

ఆ వారమే వాళ్ళింటికి పోయి కాలేజీ మాటెత్తాను. వాళ్ళమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "అప్పుడు మంచిగున్నదంటిరి, ఇప్పుడు మంచిగ లేదంటున్రు. మేం చదువుకోనోళ్ళం, ఏది పట్టుకోవాలె సార్?" అంది. అప్పటికే షాపులో అడ్వాన్సు తీసుకొని అన్న ఫీజు కట్టేశారట. అది తీరేదాకా మానడం కుదరదు. నేను కడతానన్నాను. తండ్రి వద్దన్నాడు, మర్యాదగానే. ఈ మాటలు నడుస్తున్న కొద్ది రోజుల్లోనే ఆ ఏటి చేరికల గడువు కూడా దాటిపోయింది.

ఇప్పుడు శనివారం క్లాసులో షరతు మార్చాను. కాగితం మీద అన్నిటికన్నా ముందు తమ చదువు ఖర్చు రాయాలి. లోటు వస్తే రానివ్వమని, ఆ లోటుతోనే నా దగ్గరికి తెమ్మని చెబుతున్నాను. "అప్పు రాయొచ్చా సార్?" అని ఒకడు ఆశగా అడిగాడు. రాయొచ్చన్నాను. "మా నాన్న మిమ్మల్ని మస్తు మెచ్చుకుంటడు సార్" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ కుర్రాడి లోటును ఇద్దరం కూర్చొని తగ్గించాం కూడా. కానీ అది ఆ అమ్మాయికి పనికొచ్చేది కాదు.

దసరా ముందు చీర పట్టుకొని మళ్ళీ ఆ షాపుకు పోయాను. మధ్యాహ్నం, గిరాకీ లేదు.

"అన్న సాయంత్రాలు జిరాక్స్ షాపుల కూసుంటున్నడు సార్" అంది. "అడ్వాన్స్ తీరినంక నన్ను మానెయ్యమంటున్నడు. వచ్చే ఏడు కాలేజీల చేరుమని."

"చేరు మరి."

"చూద్దాం సార్." బట్ట చుట్ట ఒకటి కిందికి దించింది. "మొన్న బయాలజీ పుస్తకం తీసిన. రెండు పేజీలు గూడ చదవబుద్ధి కాలే. ఈడ నిలబడి నిలబడి కాళ్ళు గుంజుతయి, ఇంటికి పోతె నిద్రొస్తది. వచ్చే ఏటికి నా దోస్తులు సెకండియర్ల ఉంటరు. నేను చిన్నపిల్లలతోని కూసోవాలె."

"తప్పు నాదమ్మా" అన్నాను. "ఆ రోజు నువ్వు కోచింగ్ తీసెయ్యొచ్చా అని అడిగినప్పుడు, ముందు నీ కాలేజీ సంగతేందని నేను అడగాల్సింది."

ఆమె కంగారుపడింది. "అయ్యో, మీరేం జేసిండ్రు సార్? లెక్క నేనే రాసిన గద." చీర అంచును వెలుతురు వైపు తిప్పి చూసి, పై వరుసలోంచి తడుముకోకుండా ఒక చుట్ట లాగింది. కొలిచి, కత్తెరతో చిన్న గాటు పెట్టి, సర్రున చింపి మడతపెట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చి ఆ ముక్కను చీర మీద పరిచి చూస్తే అచ్చంగా అదే రంగు. "ఎవరు తీసిచ్చారు? ఆ పిల్ల కన్ను భలే కన్ను, వెళ్ళి చెప్పండి" అంది మా ఆవిడ. ఆ షాపు ముందు నుంచే రోజూ ఆఫీసుకు పోతాను. ఆ మెచ్చుకోలు మాత్రం ఆ అమ్మాయికి ఇంతవరకు చెప్పలేదు.