పెద్దమ్మ సౌండు మీద పోసిన నూనె

మాట పలికి వెలుగును పుట్టించిన దేవునికి మొదట స్తోత్రం. చెవిని చేసినవాడు ఆయన, ఆ చెవికి తీపిదనం తెలిసేటట్టు చేసినవాడూ ఆయనే. కోపంలో ఉన్నాను కాబట్టి ఈ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను. కోపం ముదిరాక స్తుతి రాయబోతే అది నాకే అబద్ధంలా వినిపిస్తుంది. ఇక ఆయన ఇంట్లో, ఆయన పేరు మీద జరిగిన సంగతి చెబుతాను.

మట్టెవాడలో మా ఇంటికి నాలుగు సందుల అవతల మా చర్చి. అక్కడ ముప్ఫై ఏళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. నాకంటే ముందు మా పెద్దమ్మ వాయించేది. ఆమె మా అమ్మకు అక్క, పెళ్లి చేసుకోలేదు. బైబిలు స్త్రీగా పల్లెలన్నీ తిరిగింది. చంకలో గ్రంథం పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, చదువు రాని ఆడవాళ్లకు చదివి వినిపించడం ఆమె పని. ఆదివారం వస్తే మాత్రం చర్చిలో కాళ్లతో తొక్కే హార్మోనియం ముందు కూర్చునేది. ఆ హార్మోనియం తోలుతిత్తుల్ని ఎలుకలు కొరికేశాయి. బాగుచేసేవాడు హైదరాబాదులో కూడా దొరకలేదు. అప్పుడు కొన్నారు కీబోర్డు.

కొన్నది ఆడవాళ్లు. మా చర్చి ఇళ్లలో ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. వారమంతా అట్లా తీసిన బియ్యాన్ని ఆదివారం తెచ్చి వేదిక ముందు గుమ్మరిస్తారు. కూలికి పోయేవాళ్లు, ఒక పూట తిని ఒక పూట మానేసేవాళ్లు కూడా ఆ పిడికెడు మానలేదు. ఆ బియ్యంతో వచ్చింది ఆ కీబోర్డు. ఆ రోజుల్లో సినిమా పాటలకు వాడే రకం సింథసైజరు, ఇద్దరు మోస్తేగాని కదిలేది కాదు.

దాని హార్మోనియం సౌండు పెద్దమ్మకు నచ్చలేదు. "డబ్బాల ఈగ మొత్తుకున్నట్టున్నది" అంది. మూడు నెలలు మధ్యాహ్నాలు చర్చిలో తలుపేసుకుని దాని ముందు కూర్చుంది. సౌండు ఎంత నెమ్మదిగా లేవాలి, లేచాక ఎంత నిండుగా నిలవాలి, వేలు తీశాక ఎంతసేపటికి ఆగిపోవాలి అన్నది ఒక్కొక్క మీట జరిపి చూసుకుంటూ తనే ఒక సౌండు తయారుచేసింది. తొక్కుడు హార్మోనియంలో గాలి నిండడానికి క్షణం పట్టేది చూడండి, ఆ క్షణం కావాలి ఆమెకు. నిజం చెప్పాలంటే అది హార్మోనియంలా రాలేదు. హార్మోనియం కాదు, వయొలిన్లు కాదు, మనుషుల గొంతులు కాదు. ఏదో ఒక మెత్తని బరువు. దాన్ని కీబోర్డు జ్ఞాపకంలో చివరి గదిలో దాచింది.

పేరున్న పాత కీబోర్డు సౌండ్లన్నీ ఇట్లాగే పుట్టి ఉంటాయని నాకనిపిస్తుంది. పియానోలా చేద్దామని ఇనుప పుల్లల్ని కొట్టించారు, అది పియానో కాలేదు, గంటకూ తీగకూ మధ్య ఏదో అయింది. మేళం మొత్తాన్ని ఒక పెట్టెలో పెడదామనుకున్నారు, అది మేళం కాలేదు, పొగమంచు లాంటిది వచ్చింది. అనుకున్నట్టు రానివే నిలిచాయి. ఈ రోజు సెల్‌ఫోన్లో వచ్చే పాటల్లోనూ అవే వింటున్నాం.

మా పెద్దమ్మ సౌండు మా సంఘం పాడే తీరునే మార్చింది. అది నెమ్మదిగా లేచేది కాబట్టి, జనం అది లేచేదాకా ఆగి, అందరూ ఒక్కసారే ఊపిరి తీసుకుని పాట ఎత్తుకునేవారు. వేరే చర్చివాళ్లు వస్తే మాకంటే ముందే మొదలుపెట్టి సిగ్గుపడేవారు. నేను వాయించడం మొదలుపెట్టాక పెద్దమ్మ ఒకసారి అంది, "గా మీటలు యాడ యాడున్నయో కాయితం మీద రాసుకో బిడ్డా." మెషీన్లో ఉంది కదా పెద్దమ్మా అన్నాను. రాసుకోలేదు. నా కోపంలో సగం ఎవరి మీదో ఇక్కడే చెప్పేస్తున్నాను.

పోయిన ఎండాకాలంలో ఒక కుటుంబం తమ తండ్రి జ్ఞాపకార్థం చర్చికి కొత్త కీబోర్డు ఇచ్చింది. మంచి మనసుతోనే ఇచ్చారు. యువకుల నాయకుడు ముప్ఫై దాటిన ఇంజనీరు. అతను దాని తెర మీద వేలు జరుపుతూ నాకు చూపించాడు.

"అక్కా, ఇగో, ఇందుల వింటేజ్ సౌండ్లు ఎన్నున్నయో చూడు! పాత ఎలక్ట్రిక్ పియానో, పాత ఆర్గాను, పాత స్ట్రింగ్సు. గిప్పుడు అందరు గివే వాడుతాండ్రు."

"మరి మన పాతదాన్ని ఎందుకు పంపిస్తున్నరు తమ్మీ?"

"అది పాతదైపోయింది గదక్కా."

పాతదాని నకలు కొత్త పెట్టెలో ఉంటే గొప్ప, అసలుది మూలకు.

పాతదాన్ని పరకాల వైపు ఉన్న ఒక పల్లె సహవాసానికి, అక్కడి చిన్న సంఘానికి, పంపాలని కమిటీ తీర్మానించింది. కొత్తగా వచ్చిన అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, అభిషేకం చేసి పంపుదామన్నారు. మా దగ్గర కొత్త బండి కొన్నా, కొత్త గడప ఎక్కినా వేలి కొసన నూనె అద్ది ప్రార్థన చేయడం ఉంది. కొత్త కీబోర్డును ప్రతిష్ఠించేటప్పుడే, దూరం పంపే సేవకుడికి చేసినట్టు పాతదానికీ చేద్దామన్నారు. నన్ను చూసి "ఏమంటావమ్మా?" అని అడిగారు. మోషే గుడారంలోని ఉపకరణాలన్నిటినీ అభిషేకించాడు కదా అయ్యగారూ అన్నాను. వాక్యం అందించింది నేనే. పంపే ముందు ఆ సౌండు మీటల లెక్క రాసుకుంటానని, ఒక్క వారం ఆగమని అడిగి ఒప్పించాను కూడా. కాబట్టి ఆ ఆదివారం నాకు భయం లేదు.

పెద్దమ్మ ముందు వరసలో తన కుర్చీలో కూర్చుంది. ఎనభై నాలుగేళ్లు, చూపు పోయింది, కుడిచెవి వినిపించదు. అయ్యగారు మొదట కొత్త కీబోర్డు దగ్గరికి వెళ్లారు. ఇచ్చిన కుటుంబం చుట్టూ నిలబడింది. వాళ్ల పెద్దకొడుకు మెల్లగా, కాని మైకులో పడేటట్టు, "అయ్యగారూ, జర తక్కువ. కొత్తది" అన్నాడు. అయ్యగారు చిటికెనవేలితో ఒక మూల బొట్టులా అద్దారు. తరువాత పాతదాని దగ్గరికి వచ్చారు. కళ్లు మూసుకున్నారు. ఆత్మ కుమ్మరింపు గురించి, పొర్లిపోయే గిన్నె గురించి ప్రార్థన పెరిగింది, గొంతు పెరిగింది, సీసా వంగింది. ఆమేన్ అనేసరికి సీసా ఖాళీ. వేళ్లతో నొక్కే మెట్ల సందుల్లోకి నూనె కారిపోయింది. చప్పట్లు కొట్టారు.

నేను గుడ్డ కోసం చర్చి వెనక అయ్యగారి ఇంట్లోకి పరుగెత్తాను. అంతలో ఎవరో వాయించి చూశారు. ముప్ఫై ఏళ్ల దుమ్ము నూనెతో కలిసి ముద్దయిందేమో, నొక్కిన మెట్టు పైకి రాలేదు. ఒకటే స్వరం కేక పెడుతూ ఉంది. ఆపి మళ్లీ వేసినా అదే కేక. నేను గుడ్డ పట్టుకుని వచ్చేసరికి ఇంజనీరు తమ్ముడు ఫోనులో ఏదో వీడియో చూసి, రెండు మీటలు కలిపి నొక్కి, చెమట తుడుచుకుంటున్నాడు.

"ఫికర్ జెయ్యకక్కా, రీసెట్ కొట్టిన. మెట్టు గూడ లేపిన. ఇగ కొత్తదాని లెక్కనైంది."

చివరి గదిని నొక్కాను. తారాజువ్వలు పేలినట్టు, తళతళమని ఒక సౌండు వచ్చింది. ఫ్యాక్టరీలో పెట్టిన సౌండు. మళ్లీ నొక్కాను. మళ్లీ తారాజువ్వలు.

పెద్దమ్మ కుర్చీలోంచి ఎడమచెవి ఇటు తిప్పింది. "గదేందే బిడ్డా? నా సౌండేది?"

నాకంటే ముందు అయ్యగారే అన్నారు, "అమ్మా, సౌండ్లు పోతాయి, వస్తాయి. పాత వస్తువుల మీద ఇంత మమకారం కూడా ఒక విధమైన విగ్రహారాధనే."

సంఘం మధ్యలో నేను గొంతు లేపింది అదే మొదటిసారి. "బైబిల్లో ఆ విధవరాలి నూనె ఖాళీ పాత్రల్లో పోసిండ్రు అయ్యగారూ, కరెంటు వస్తువులో కాదు. అడుక్కొచ్చిన పాత్రలకైనా ఆ తల్లి ఎంత జాగ్రత్త పడి ఉంటదో! కొత్తదానికి చిటికెనవేలు, బీదవాళ్ల పిడికెళ్లతో వచ్చినదానికి సీసానా? విగ్రహారాధన ఎక్కడుందో మీరే చెప్పండి."

వెనక నుంచి ఒక ముసలామె "హల్లెలూయ" అంది. అది ఎవరి పక్షాన అందో ఇప్పటికీ తెలియదు.

పెద్దమ్మను ఆటోలో ఇంటికి తీసుకొస్తున్నాను. ఇల్లు దగ్గరపడ్డాక, "సీసా మొత్తం పోసిండా?" అని అడిగింది. అవునన్నాను. "నన్ను గూడ అభిషేకం జేయమనకపోయినవా, కీళ్లు పట్టుకపోయినయి" అంది. ఆటో నడిపేవాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

మరునాడు పరకాల వైపు సహవాసం పెద్దకు ఫోన్ చేశాను. కీబోర్డు రావడం ఆలస్యమవుతుందన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "ఏం కీబోర్డక్కా? మాకు డప్పులున్నయి, కంజీరున్నది. కరెంటే సక్కగుండది. మిమ్ములను ఎవలడిగిండ్రు?"

ఎవరూ అడగలేదు. ఎవరినీ అడగలేదు. మూలపడేసే వస్తువును బీదసంఘానికిచ్చి దానికి సేవ అని పేరు పెట్టుకున్నాం. ఈ అలవాటు మా ఒక్క చర్చిదే కాదు. చినిగిన పాటల పుస్తకాలు, తిరగని ఫ్యాన్లు, ఇప్పుడు నూనె పోసిన కీబోర్డు, అన్నీ పల్లెలకే. మచ్చ ఉన్న గొర్రెపిల్లను బలికి తేవద్దని చిన్న పిల్లలకు ఆదివారపు బడిలో నేనే నేర్పుతాను.

చౌరస్తా దగ్గర మైకులు, కీబోర్డులు బాగుచేసే భాయి దానిని విప్పి రెండు రోజులు శుభ్రం చేశాడు. "నూనె మొత్తం తీసిన అమ్మా, మెట్లన్నీ పలుకుతయి. లోపలి యాది మాత్రం సాఫ్ అయిపోయింది. అది నా చేతుల లేదు" అన్నాడు. దాన్ని చర్చికి కాకుండా ఇంటికి తెచ్చి పెద్దమ్మ మంచం పక్కన పెట్టాను. కమిటీని అడగలేదు.

రోజూ మధ్యాహ్నం కూర్చుంటున్నాం. ఆమె ఎడమచెవి స్పీకరు వైపు పెట్టి వింటుంది, నేను మీటలు జరుపుతాను.

"తొందరగ లేస్తాంది. ఇంకా జర ఆగనీ."

"ఇప్పుడు?"

"ఇది పెండ్లి బ్యాండు. తీసెయ్."

"ఇప్పుడు పెద్దమ్మా?"

"దగ్గరికొచ్చింది. కాని లోపల బోలుగున్నది."

అట్లా ఐదు వారాలు. ఈసారి ప్రతి మీట లెక్కా నోటుబుక్కులో రాస్తున్నాను. చర్చిలో కొత్త కీబోర్డును నేనే వాయిస్తున్నాను, దేవుని పని మానలేను కాబట్టి. వేలు పెట్టగానే సౌండు గుప్పుమంటుంది. సగం మంది దానితోపాటే ఎత్తుకుంటారు, సగం మంది పాత అలవాటుతో ఆగుతారు. మొదటి పంక్తి రెండు ముక్కలవుతుంది. అప్పుడు అయ్యగారి ముఖం చూస్తాను. చూడకుండా ఉండలేను.

మొన్న ఆయన ఇంటికి వచ్చారు. వందనాలు చెప్పి, మంచం పక్కన కూర్చుని, తలవంచుకుని, "తెలియక చేశాను తల్లీ, క్షమించు" అన్నారు. పెద్దమ్మ క్షమించానని అనలేదు, లేదనీ అనలేదు. "వచ్చినవు గద, పాట ఎత్తుకో. నువ్వు ఊపిరి ఎప్పుడు తీస్తవో వింట" అంది. ఆయన ఎత్తుకున్నారు. మూడుసార్లు, నాలుగుసార్లు ఎత్తుకోమంది. నేను మీట జరుపుతూ పోయాను. ఐదోసారి సౌండు ఆయన ఊపిరితోపాటు లేచింది. పెద్దమ్మ చెయ్యెత్తి, "ఆగు. గదే. లేసుడు గదే. రాస్కో" అంది.

రాసుకున్నాను. లేవడం దొరికింది. నిండుదనం, ఆగిపోవడం ఇంకా దొరకలేదు. వెళ్తూ అయ్యగారు నన్ను చూశారు. నేను గేటు తీశానుగాని ముఖం ఇవ్వలేకపోయాను. ఏడు డెబ్బైల సార్లు క్షమించమన్న మాట పిల్లలకు నేర్పేదాన్నే. నాకింకా ఒకటో సారే రాలేదు.

నిన్న మధ్యాహ్నం పెద్దమ్మ నన్ను రెండుసార్లు అడిగింది, వాయిస్తున్నావా అని. నేను వాయిస్తూనే ఉన్నాను. సౌండు పెంచితే వినిపించింది. డాక్టరు ఎడమచెవి కూడా సన్నగిల్లుతోందని, ఇన్నాళ్లని చెప్పలేనని అన్నాడు. మిగతా సౌండు ఆ చెవిలో తప్ప భూమి మీద ఇంకెక్కడా లేదు.

అందుకే ఇది చదువుతున్న మీరు, ఏ సంఘంలో ఉన్నా, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి అడగండి. తండ్రీ, మాకు కావలసింది దొరికేదాకా ఆ ముసలి చెవిని మూయకు. అయ్యగారికి వివేకం ఇవ్వు. నీ పేరు చెప్పి బీదవాళ్ల వస్తువును చులకన చేసిన మమ్మల్నందరినీ, మోషే మాట అందించిన నన్ను మొదట పెట్టి, గద్దించు. ఇంకా చల్లారని ఈ కోపంలో నీది ఎంతో అంత ఉంచు, నాది ఎంతో అంత తీసెయ్. ఆమేన్.