చెల్లెలి మణికట్టు పాట

నర్సింగ్ పరీక్షకు అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే గదిలో చదివేవారు. అక్క గోడవైపు తిరిగి, మణికట్టు ఎముకల పేర్లు గొంతు పోయేదాకా వల్లించేది. తెల్లారేసరికి ఒక్కటీ మిగిలేది కాదు. చెల్లెలేమో అవే పేర్లకు జోలపాట బాణీ కట్టి, జడ వేసుకుంటూ పాడేసేది. అది వింటుంటే అక్కకు ఒళ్లు మండిపోయేది.

"నువ్వూ పాడొచ్చుగా అక్కా, ఊరికే వచ్చేస్తాయి."

"నీలా ఆటలాడే తీరిక నాకు లేదు తల్లీ!"

ఒకరోజు అక్క పుస్తకంలో బొమ్మ చూస్తూ ఆ పాట విన్నది. బొటనవేలి కింద ట్రపీజియం రావాల్సిన చోట చెల్లెలు పక్క ఎముక పేరు, ట్రపెజాయిడ్ అని పాడుతోంది. అక్క సరిదిద్దలేదు. పరీక్షలో దీని సంగతి తేలుతుందిలే అని లోలోపల మురిసిపోయింది.

నోటి పరీక్షకు మొదట అక్కనే పిలిచారు. మేడమ్ ఎముకల నమూనాలో బొటనవేలి కింద చూపించి, "ఇదేమిటి?" అని అడిగారు. వల్లించినవన్నీ ఎగిరిపోయాయి. బుర్రలో జోలపాట మొదలైంది. అందులో ఆ చోట ఏ పేరుందో అదే నోట్లోంచి ఊడిపడింది.

"ట్రపెజాయిడ్ మేడమ్."

తర్వాత వెళ్లిన చెల్లెలూ అదే చెప్పింది. "కూడబలుక్కుని తప్పు చదివారా?" అంటూ మేడమ్ ఇద్దరినీ మళ్లీ పరీక్షకు రమ్మన్నారు.

బయటికి రాగానే చెల్లెలు పకపకా నవ్వింది. "దొంగమొహమా, నా పాట ఎప్పుడు నేర్చుకున్నావే?"

పరీక్ష పోయినదానికన్నా, చివరికి తన తప్పు కూడా చెల్లెలిదే అయినందుకు అక్కకు కడుపు రగిలిపోయింది.

"ముందా పాట సరిచేసుకో. బొటనవేలి కింద వచ్చేది ట్రపీజియం!"

చెల్లెలి నవ్వు ఆగిపోయింది.

"అంటే నీకు ముందే తెలుసా అక్కా?"